వ్యాగన్ఆర్ క్లచ్: కేబుల్ సర్దితే సరిపోతుందా, సెట్టే మార్చాలా?

మీరు అడిగింది ఇదీ. బండి 2010 వ్యాగన్ఆర్, తొంభై వేల కిలోమీటర్లు దాటింది. నరసరావుపేట నుంచి శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్‌లో ఇంజన్ అరుస్తోంది గానీ బండి ఎక్కలేదు, కాలిన వాసన కూడా వచ్చింది. ఇంటికొచ్చాక ఒక మెకానిక్ క్లచ్ సెట్ (ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ) మార్చాలన్నారు. ఇంకొకాయన కేబుల్ సర్ది పంపిస్తే రెండు వారాలు బాగానే నడిచింది. ఇప్పుడు మళ్లీ అదే మొదలైంది, పైగా పొద్దున్నే రివర్స్ వేస్తే కర్రుమంటోంది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

నేను విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుతాను. మా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా ఇలాంటి పాత బండ్లే. మీరు చెప్పినదాన్ని బట్టి సెట్ అయిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. కానీ గేర్‌బాక్స్ దించమని చెప్పే ముందు ఒక్క పని చేయించండి. కేబుల్ ఫ్రీ ప్లే, అంటే పెడల్ మొదట్లో వదులుగా కదిలే ఆ కాస్త దూరం, సరిగ్గా పెట్టించి, ఆ తర్వాత కింద చెప్పే రెండు పరీక్షలు చేయండి. ఫ్రీ ప్లే సరిగ్గా ఉండి కూడా క్లచ్ జారుతుంటే, లేదా గేరు కర్రుమంటుంటే తప్పు లోపలే ఉంది, దించక తప్పదు. ఫ్రీ ప్లే చూడకుండా ఎవరేం చెప్పినా అది ఊహే.

మీ ఇద్దరు మెకానిక్కులూ అబద్ధం చెప్పలేదని నా నమ్మకం. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

క్లచ్‌కి వచ్చే రోగాలు రెండు, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకటి జారడం: పెడల్ వదిలేసినా క్లచ్ ప్లేటు, ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రాన్ని గట్టిగా పట్టుకోదు, ఇంజన్ తిరుగుతుంది, చక్రానికి బలం పోదు. రెండోది విడవకపోవడం: పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు ఇంకా రాసుకుంటూనే ఉంటుంది, అందుకే గేరు పడదు, రివర్స్ కర్రుమంటుంది. ఘాట్‌లో మీకు వచ్చింది మొదటిది, పొద్దున్నే వస్తున్నది రెండోదిలా ఉంది. చాలామంది రెండింటినీ కలిపి "క్లచ్ పోయింది" అనేస్తారు. అక్కడే డబ్బు వృథా అవుతుంది. ఎందుకంటే కేబుల్‌ని జారుడు తగ్గే వైపు సర్దితే విడవకపోవడం పెరగొచ్చు, విడవకపోవడం తగ్గే వైపు సర్దితే జారుడు పెరగొచ్చు.

మీ వ్యాగన్ఆర్‌లో పెడల్ నుంచి గేర్‌బాక్స్ మీది ఆర్మ్ దాకా కేబులే ఉంటుంది. మారుతి 800, ఆల్టోల్లోనూ అంతే. ప్లేటు అరిగేకొద్దీ దాన్ని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మధ్యలో ఉండే డయాఫ్రం స్ప్రింగ్ వేళ్లు, పెడల్ తొక్కితే వాటిని నొక్కే రిలీజ్ బేరింగ్ వైపు జరుగుతాయి. అంటే కేబుల్‌లో ఉండే ఆ కాస్త ఖాళీ, అదే ఫ్రీ ప్లే, రోజురోజుకీ తగ్గుతూ వస్తుంది. పెడల్ బాగా పైకి వచ్చాక గానీ క్లచ్ పట్టదు. ఎవరూ పట్టించుకోకపోతే ఒక రోజుకి ఖాళీ సున్నా అవుతుంది. అప్పటి నుంచి మీరు కాలు పెట్టకపోయినా బేరింగ్ ఆ వేళ్లను నొక్కుతూనే ఉంటుంది, ప్లేటు మీద పట్టు సడలుతుంది. ఘాట్‌లో నలుగురితో, సామానుతో, ఏసీ వేసుకుని ఎక్కుతుంటే అది జారి, వేడెక్కి, ఇంకా జారుతుంది.

రెండో మెకానిక్ కేబుల్ కాస్త వదులు చేసి ఉంటారు. ఖాళీ తిరిగొచ్చింది, పట్టు తిరిగొచ్చింది, రెండు వారాలు బాగుంది. ఇంతవరకు ఆయన పని సరైనదే. కానీ మంచి ప్లేటైతే ఒకసారి సర్దిన ఫ్రీ ప్లే నెలల తరబడి నిలుస్తుంది. రెండు వారాల్లోనే మళ్లీ పోయిందంటే ప్లేటు చివరి దశలో వేగంగా అరుగుతోందని అర్థం. ఒకవేళ ఫ్రీ ప్లే అలాగే ఉండి కూడా జారుతోందంటే ప్లేటు కాలిపోయిందనో, దాని మీద ఆయిల్ పడిందనో అనుకోవాలి. ఏ దారిన వెళ్లినా మొదటి మెకానిక్ మాటే దగ్గరగా కనిపిస్తోంది. అయినా ఆయన కొలిచి చెప్పారా, బండి వయసు చూసి చెప్పారా అన్నది మీరు అడగాలి.

ఫ్రీ ప్లే మీరే చూసుకోవచ్చు. ఇంజన్ ఆపేసి, పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. మొదట వదులుగా కదిలి, తర్వాత ఒక చోట బరువు తగులుతుంది. ఆ వదులే ఫ్రీ ప్లే. పక్కన స్కేలు నిలబెట్టి చూడండి. చాలా చిన్న కార్లలో ఇది సుమారు 15 నుంచి 25 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండికి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్ ప్రకారం చేయించండి. అసలు వదులే లేకపోతే జారుడుకి కారణం సగం దొరికినట్టే. మరీ ఎక్కువ ఉంటే రివర్స్ కర్రుమనడానికి కారణం అదే కావొచ్చు. ఇదే సమయంలో పెడల్ కిందకు మందపాటి మ్యాట్ జరిగి వచ్చిందేమో కూడా చూడండి. పైన ఇంకో మ్యాట్ వేసుకుని, పెడల్ కింద దాకా వెళ్లక, గేర్లు పడట్లేదని వచ్చిన బండ్లు మా దగ్గర ఉన్నాయి.

తర్వాత బానెట్ తెరిచి గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివర చూడండి. మరలు ఉన్న చిన్న కడ్డీ, దాని మీద సర్దుబాటు నట్టు ఉంటాయి. ప్లేటు అరిగినప్పుడల్లా ఆ నట్టుని కొద్దికొద్దిగా వదులు చేస్తూ కడ్డీ కొస వైపు తెస్తారు. నట్టు కొసకి వచ్చేసి, ఇంకా వదలడానికి మర మిగలకపోతే ప్లేటు అరిగిపోయిందనడానికి అది మంచి సాక్ష్యం. కొత్త ప్లేటు వేసిన బండిలో ఆ నట్టు దాటాక కొస వైపు మెరిసే మర చాలా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త. కేబుల్ ఎప్పుడైనా మార్చి, పొడవు తేడా ఉన్న లోకల్ కేబుల్ వేసి ఉంటే ఈ గుర్తు నమ్మలేం. ఇంకొకటి, ఆ ఆర్మ్ ఒక పళ్ల షాఫ్ట్ మీద బిగించి ఉంటుంది, రెండింటి మీదా పంచ్ గుర్తు ఉంటుంది. నట్టుకి చోటు అయిపోయాక కొందరు ఆర్మ్‌ని ఊడదీసి ఒక పన్ను జరిపి బిగిస్తారు. ఆ గుర్తులు ఎదురెదురుగా లేకపోతే ఎవరో ఆ పని చేశారని అర్థం, ఆ ప్లేటులో ఇక మిగిలింది ఏమీ ఉండదు.

జారుడు పరీక్ష. పొద్దున్నే ఖాళీగా ఉన్న బైపాస్ మీదకు తీసుకెళ్లండి. నాలుగో గేరులో గంటకు 50 కి.మీ. దగ్గర నడుపుతూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా కిందకు తొక్కండి. మంచి క్లచ్ అయితే ఇంజన్ మోత, స్పీడు రెండూ కలిసి మెల్లగా పెరుగుతాయి. క్లచ్ జారుతుంటే మోత ఒక్కసారి పైకి లేస్తుంది, స్పీడు ముల్లు మాత్రం అక్కడే ఉంటుంది. బండిలో ఆర్‌పీఎం మీటర్ లేకపోయినా పర్వాలేదు, చెవికి తెలిసిపోతుంది. మొదటి గేరులో ఈ పరీక్ష చేయకండి. జారుడు మొదట పెద్ద గేర్లలోనే బయటపడుతుంది, చిన్న గేరులో బాగుందని మోసపోతారు.

హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరులో క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోవాలి అని చాలామంది చెప్తారు. అది తప్పు కాదు. ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, కాలి బ్రేకు కూడా గట్టిగా తొక్కి ఒక్కసారి చేయొచ్చు. వదలగానే ఆగిపోకుండా ఇంజన్ తిరుగుతూనే ఉంటే ప్లేటు పని అయిపోయింది. కానీ పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది. పైగా ఇంజన్ ఆగింది కాబట్టి క్లచ్ బాగుందని తేల్చేయడానికీ లేదు, సగం అరిగిన ప్లేటు ఈ పరీక్షలో పాసైపోతుంది. నేను రోడ్డు పరీక్షనే నమ్ముతాను.

ఇక్కడే ఇంకో మాట. "పికప్ లేదు, క్లచ్ పోయింది" అని వచ్చే బండ్లలో కొన్నింటికి క్లచ్ బంగారంలా ఉంటుంది. మోత పెరిగి బండి కదలకపోతే క్లచ్. మోతే పెరగకపోతే క్లచ్ కాదు. ఫ్యూయల్ ఫిల్టర్, ప్లగ్గులు, సైలెన్సర్ మూసుకుపోవడం, బ్రేకు పట్టేసి వదలకపోవడం, ఇవి చూడాలి. ఆ మధ్య ఒక మాస్టారు వేరేచోట క్లచ్ సెట్ మార్పించుకుని, అయినా బండి లాగట్లేదని మా దగ్గరకు వచ్చారు. జాకీ మీద లేపి వెనక చక్రం తిప్పితే తిరగలేదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసినా ఆ వేడి తెలిసేది.

విడవకపోవడం పరీక్ష. ఇది మీ రివర్స్ సమస్యకు. ముందు ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు హాయిగా పడి, ఇంజన్ ఆన్‌లో ఉంటేనే పడకపోతే అది క్లచ్ విడవకపోవడమే. ఆపినా గట్టిగానే ఉంటే గేర్ లివర్ లింకేజీ, గేర్‌బాక్స్ వైపు వెతకాలి. తర్వాత ఇంజన్ వేడెక్కి ఐడిల్ స్థిరపడ్డాక క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. ఈ ఆగడం ముఖ్యం. మీ బండిలో రివర్స్‌కి సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, ఉండదు. క్లచ్ తొక్కాక కూడా గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ కొద్దిసేపు తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండి ఐడిల్ ఎక్కువగా ఉంటే అది ఆగడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఆగి వేస్తే మెత్తగా పడిందంటే మీ క్లచ్ విడుస్తోంది, తొందరే సమస్య. ఆగినా కర్రుమంటే మాత్రం ప్లేటు రాసుకుంటోందన్నమాట. ఘాట్‌లో అంత వేడి చూసిన ప్లేటు వంకర పోవడం, ప్లేటు మీది పట్టు పొర, అదే లైనింగ్, ముక్క ఊడి మధ్యలో ఇరుక్కోవడం మామూలే. అదీ ఇదీ కలిపి కనబడితే, అంటే జారుతూనే, విడవకుండా కూడా ఉంటే, కేబుల్ ఎంత సర్దినా ఫలితం ఉండదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం హైడ్రాలిక్ క్లచ్ గురించి కూడా రెండు మాటలు. బొలెరో, ఇన్నోవా, క్వాలిస్ లాంటి వాటిలో కేబుల్ ఉండదు, పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, మధ్యలో ఆయిల్ పైపు ఉంటాయి. పొద్దున్నే పెడల్ కిందకు వెళ్లిపోయి, మూడు నాలుగు సార్లు కొడితే గానీ గేరు పడట్లేదంటే ప్లేటుకి సంబంధం లేదు. ఆయిల్‌లో గాలి చేరింది, లేదా సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయాయి. స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు కొద్దిగా ఎత్తి చూస్తే లోపల తడి కనిపిస్తుంది. మాస్టర్ లీకైతే డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా, జిడ్డుగా ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: బ్రేకు అరిగితే ఆయిల్ లెవెల్ తగ్గుతుంది, కానీ క్లచ్ ప్లేటు అరిగితే లెవెల్ తగ్గదు, స్లేవ్ పిస్టన్ వెనక్కి జరుగుతుంది కాబట్టి కాస్త పెరుగుతుంది కూడా. క్లచ్ ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇటీవలే ఒక బొలెరో ఇలాగే సెట్ మార్చాలన్న మాటతో వచ్చింది. స్లేవ్ సిలిండర్ ఒకటి మార్చి, గాలి తీసి పంపించాం. అంతే.

శబ్దాల సంగతి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేసి వినండి. పెడల్ తొక్కగానే గరగరమని వచ్చి, వదిలితే పోయే శబ్దం రిలీజ్ బేరింగ్‌ది. తొక్కినప్పుడు ఆగి, వదిలినప్పుడు వచ్చేది ఎక్కువగా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. ఈ రెండోదానికి క్లచ్ సెట్ మార్పిస్తే శబ్దం పోదు. దించినప్పుడే గేర్‌బాక్స్ సంగతి కూడా తేల్చుకోవాలి.

మొదటి గేరులో కదిలేటప్పుడు బండి దడదడలాడితే వెంటనే ప్లేటు అనకండి. ముందు ఇంజన్ మౌంటింగులు చూడండి, రబ్బరు చీలితే సరిగ్గా ఇలాగే అదురుతుంది, ఖర్చూ తక్కువ. అవి బాగుంటే అప్పుడు ప్లేటు మీద ఆయిల్, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలు అనుమానించాలి.

వరద నీళ్లలో నిలబడ్డ బండ్లది ఇంకో కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చిన బండ్లలో కొన్నింటికి ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అతుక్కుపోయింది. పెడల్ తొక్కినా ఏ గేరూ పడదు. ఎక్కువ రోజులు కదలకుండా వానలో నిలిపిన బండికీ ఇలా అవుతుంది. అలాంటప్పుడు ప్లేటు అరిగిపోయిందని కాదు, కొన్ని విడిపించి నడపొచ్చు. కానీ నీళ్లలో మునిగిన బండిని ముందు ఆయిళ్లు చూడకుండా అసలు స్టార్ట్ చేయొద్దు.

ఇప్పుడు మీ బండి దించాల్సి వచ్చిందనుకుందాం. దించేటప్పుడు మీరు దగ్గరుండండి. ఒక్క ప్లేటే మార్చి పంపించే పని ఒప్పుకోకండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి వేయించండి, లేబర్ ఒకటే కదా. రీలైనింగ్ చేసిన ప్లేటు తక్కువకి వస్తుందంటారు. సొంత కారుకి నేనైతే వేయను.

పాత ప్లేటు చేతికి తీసుకుని చూడండి. రివెట్ తల కన్నా లైనింగ్ 0.5 మి.మీ. కూడా ఎత్తు లేకపోతే అది నిజంగా అయిపోయినట్టు. లైనింగ్ ఇంకా మందంగా ఉండి, పైన నల్లగా అద్దంలా మెరుస్తుంటే కాలింది. మందంగా ఉండి తడిగా, జిడ్డుగా ఉంటే అసలు దోషి ప్లేటు కాదు, ఆయిల్ సీలు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే మళ్లీ కొన్ని నెలలకే జారుతుంది. ఆయిల్ ఎక్కడిదో వాసన చూస్తే తెలుస్తుంది. గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు ఉంటుంది, చిక్కగా ఉంటుంది, అదైతే గేర్‌బాక్స్ ముందు సీలు. పల్చగా, నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, అదైతే క్రాంక్ వెనక సీలు. తొంభై వేలు దాటిన బండి కాబట్టి, కారకపోయినా ఆ వెనక సీలు ఇప్పుడే మార్పించడం మంచిదని నా అభిప్రాయం. దాని ధర తక్కువ, మళ్లీ దించే ఖర్చే ఎక్కువ.

ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూడమనండి. రిలీజ్ బేరింగ్‌ని నెట్టే ఫోర్క్ షాఫ్ట్ బుష్‌లు చెయ్యి పెట్టి కదిపితే ఊగకూడదు, ఊగితే కొత్త సెట్ వేసినా క్లచ్ సమంగా విడవదు. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద గ్రీజు పల్చగా రాయాలి. ప్రేమగా ఎక్కువ పూస్తే అది ఎగిరి కొత్త ప్లేటు మీదే పడుతుంది. కేబుల్ కూడా మొదటి నుంచి ఉన్నదే అయితే మార్చేయండి, లోపల బిగుసుకున్న కేబుల్ పెడల్‌ని బరువు చేస్తుంది, సరిగ్గా వెనక్కి రానివ్వదు.

కొత్త సెట్ వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు హాఫ్ క్లచ్ మీద ఎత్తులు ఎక్కించకండి, బండి నిండా జనాన్ని వేసుకుని ఘాట్‌కి వెళ్లకండి. వెయ్యి కిలోమీటర్ల దగ్గర ఒకసారి ఫ్రీ ప్లే మళ్లీ చూపించండి, కొత్త లైనింగ్ కుదురుకునేటప్పుడు కొంచెం మారుతుంది.

ఈలోగా బండి వాడక తప్పకపోతే ఊళ్లో, సమతలంలో, మెల్లగా నడపండి. దారిలో జారడం మొదలై వాసన వస్తే పక్కకు ఆపేసి అరగంట చల్లారనివ్వండి, ఏసీ ఆపి, చిన్న గేరులో తక్కువ యాక్సిలరేటర్‌తో ఇంటికి చేరండి. జారుతున్న క్లచ్‌తో మళ్లీ శ్రీశైలం ఘాట్ మాత్రం ఎక్కొద్దు. అక్కడ మలుపులో లాగలేక వెనక్కి వస్తే మీ వెనక బస్సు ఉంటుంది.

ముందు ఆ ఫ్రీ ప్లే స్కేలు పెట్టి చూసి ఎన్ని మి.మీ. వచ్చిందో, నట్టు దాటాక కొస వైపు మర ఎంత మిగిలిందో, నాలుగైదు సెకన్లు ఆగి వేసినా రివర్స్ కర్రుమంటోందో లేదో ఇక్కడ రాయండి. బెల్ హౌసింగ్ అడుగున, అంటే ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద, వేలితో తుడిచి ఆయిల్ తడి ఉందేమో కూడా చూడండి. ఈ నాలుగూ తెలిస్తే ప్లేటుతో పాటు సీలు కూడా తెప్పించుకోవాలా వద్దా అన్నది దించకముందే చెప్పగలను.